యూరప్‌లో ఒక్కరోజు నడక: ఆరు దారుల్లో మీకు ఏది?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారనగానే ఇక్కడి తెలుగు ఇళ్లల్లో ఒక చర్చ మొదలవుతుంది. పారిస్, రోమ్ ఎలాగూ చూపిస్తాం, కనీసం ఒక్కరోజు కొండల్లో నడిపిద్దాం, మరి ఎక్కడికి? ఒకరు స్విట్జర్లాండ్ అంటారు. ఇంకొకరు నార్వేలో బండ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఫొటో పంపిస్తారు. చివరికి చాలామంది ఫొటో చూసే తేల్చేస్తారు. ఆ బండ దాకా రెండు గంటలు ఎక్కాలన్న సంగతి మాత్రం ఫొటోలో కనపడదు.

మా అమ్మకు మోకాళ్ల నొప్పి. నాన్నకు నడక ఇష్టమే గానీ, ఆపమంటే ఆపరు. మా ఆవిడకు ఎత్తైన చోట అంచు దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఈ ముగ్గురితోనూ, కొన్నిసార్లు స్నేహితులతోనూ తిరిగి తెలుసుకున్నది రాస్తున్నాను. ఇక్కడున్న ఆరు నడకలూ ఒక్కరోజులో అయిపోయేవే. తాళ్లు, హెల్మెట్లు అక్కర్లేదు. కానీ ఒకరికి అద్భుతంగా ఉండే దారి ఇంకొకరికి ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు తేల్చుకోవాల్సినవి

కిలోమీటర్లు చూసి మోసపోకండి. పార్కులో రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు కూడా మూడు వందల మీటర్ల ఎక్కుడు వచ్చేసరికి ఆయాసపడతారు. మనవాళ్లకు తెలిసిన మంచి కొలత ఒకటుంది, అలిపిరి మెట్లదారి. సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఈ రెండు మూడేళ్లలో నడిచి కొండెక్కినవాళ్లయితే, గాలిగోపురం చేరేలోపు ఎన్నిసార్లు కూర్చున్నారో, మోకాళ్ల పర్వతం దగ్గర ఎలా ఉందో అడగండి. ఏ ఫిట్‌నెస్ యాప్ కంటే ఆ జవాబే మీకు ఎక్కువ చెబుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. తిరుమలలో ఎక్కాక చాలామంది బస్సులో దిగుతారు. ఇక్కడ చాలా చోట్ల మన కాళ్లతోనే దిగాలి. మోకాళ్లు అరిగినవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ పెడుతుంది.

నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇంకొకటి: సగం దూరంలో ‘ఇక నా వల్ల కాదు’ అని ఎవరైనా కూర్చుంటే ఏం చేస్తాం? కొన్ని దారుల్లో రైలో బస్సో అందుతుంది. కొన్నిట్లో వెనక్కి తిరిగి రావచ్చు. కొన్నిట్లో ఒకసారి దిగాక చివరిదాకా నడవాల్సిందే. మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని తలుచుకుని ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, ఆరింట్లో మూడు అక్కడే పక్కకు తప్పుకుంటాయి.

తర్వాతవి నెల, వీసా. ఆల్ప్స్‌లో రెండు వేల మీటర్ల పైన జూన్ మొదట్లో కూడా దారి మీద మంచు ఉండొచ్చు. మధ్యధరా తీరంలో అదే జూలై, ఆగస్టుల్లో ఎండ మాడ్చేస్తుంది. కాబట్టి మేలో వచ్చేవాళ్లకూ ఆగస్టులో వచ్చేవాళ్లకూ ఒకే సలహా చెల్లదు. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా, కిందచెప్పే ఆరింట్లో ఐదు చోట్లకు సరిపోతుంది. నార్వే, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి. ఇంగ్లండ్‌కు మాత్రం యూకే వీసా వేరే కావాలి.

| నడక | దూరం | ఎక్కుడు, దిగుడు | సమయం | సగంలో ఆపేయొచ్చా? | మంచి నెలలు |
|---|---|---|---|---|---|
| మెన్లిషెన్ – క్లైన షైడెగ్, స్విట్జర్లాండ్ | 4.5 కి.మీ. | మెల్లని దిగుడు, సుమారు 170 మీ. | గంటన్నర | వెనక్కి తిరగొచ్చు | జూన్ చివర – సెప్టెంబర్ |
| చింక్వే తెర్రే (మొంతెరొస్సో – వెర్నాత్సా), ఇటలీ | 3.5 కి.మీ. | మెట్లే మెట్లు | 2 గంటలు | ఊరు చేరగానే రైలు | ఏప్రిల్, మే, సెప్టెంబర్ చివర |
| త్రే చీమే చుట్టూ, ఇటలీ | 10 కి.మీ. | మొత్తం సుమారు 400 మీ. | 4 గంటలు | మొదటి అరగంట దాకా తేలిక | జూన్ చివర – సెప్టెంబర్ |
| సెవెన్ సిస్టర్స్, ఇంగ్లండ్ | పూర్తిగా 22 కి.మీ. | ఎక్కి దిగే గుట్టలు | 6–7 గంటలు | ముక్కలుగా నడవొచ్చు | ఏప్రిల్ – అక్టోబర్ |
| ప్రైకెస్టూలెన్, నార్వే | రానుపోను 8 కి.మీ. | మొత్తం సుమారు 500 మీ. | 4–5 గంటలు | ఎక్కడి నుంచైనా వెనక్కి | మే చివర – సెప్టెంబర్ |
| సమరియా లోయ, క్రీట్, గ్రీస్ | 16 కి.మీ. | 1,200 మీ. పైగా దిగుడు | 5–7 గంటలు | లేదు | మే, అక్టోబర్ |

సమయాల్లో భోజనం, ఫొటోలు కలపలేదు. మనవాళ్లతో అయితే ఇంకో సగం కలుపుకోండి.

మెన్లిషెన్ నుంచి క్లైన షైడెగ్

పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నారా? తడుముకోకుండా నేను చెప్పేది ఇదే. లౌటర్‌బ్రున్నెన్ నుంచి రైల్లో వెంగెన్ అనే ఊరికి వెళ్లాలి. ఆ ఊరికి కారులో వెళ్లే దారి లేదు. అక్కడి నుంచి కేబుల్ కారు కొన్ని నిమిషాల్లోనే 2,200 మీటర్ల పైకి చేరుస్తుంది. గ్రిండెల్‌వాల్డ్ వైపు నుంచి వచ్చే గొండోలా కూడా ఉంది. ఎక్కుడంతా తీగల మీద అయిపోతుంది కాబట్టి మనకు మిగిలేది 2,061 మీటర్ల దగ్గరున్న క్లైన షైడెగ్ రైల్వే స్టేషన్ దాకా మెల్లగా దిగే వెడల్పైన బాట. ఆ గంటన్నరా ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలే. ఐగర్ ఉత్తరపు గోడను మనుషులు మొదటిసారి ఎక్కగలిగింది 1938లో. ఆ లోపు కొందరు దాని మీదే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి గోడను మా అమ్మ స్టేషన్ పక్కన బల్ల మీద కూర్చుని టీ తాగుతూ చూసింది. నాకు ఆ నడకలో అన్నిటికంటే నచ్చింది అదే.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం, ఇంకా పైనున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైల్వే స్టేషన్‌కు వెళ్లాలా, ఈ నడక చాలా అని. 1912లో తెరిచిన ఆ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. మంచు ముట్టుకోవాలని, హిమానీనదం చూడాలని పట్టుదల ఉంటే వెళ్లండి. కానీ టికెట్ చాలా ఖరీదు, అంత ఎత్తుకు ఒక్కసారిగా వెళ్తే కొందరు పెద్దవాళ్లకు తల తిరుగుతుంది, మబ్బు పడితే పైన తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, నడక రెండింట్లో ఒకదానికే డబ్బు, సమయం ఉంటే నేను నడకకే ఓటేస్తాను. హాఫ్ ఫేర్ కార్డు తీసుకుంటే రైళ్లు, కేబుల్ కార్లు చాలావరకు సగం ధరకే వస్తాయి. మూడు నాలుగు రోజులు తిరిగేవాళ్లు లెక్క వేసుకోవాలి.

స్విస్ దారుల్లో పసుపు బోర్డుల మీద కిలోమీటర్లు ఉండవు, గంటలూ నిమిషాలూ ఉంటాయి. చదునైన చోట గంటకు 4.2 కిలోమీటర్లు నడుస్తారన్న లెక్కతో, ఆగకుండా నడిచేవాళ్ల కోసం వేసిన సమయం అది. మీ ఇంట్లోవాళ్లకు మొదటి బోర్డు దగ్గర ఎంత ఎక్కువ పట్టిందో చూసుకుంటే మిగతా రోజంతా అంచనా కుదురుతుంది. తెలుపు–ఎరుపు–తెలుపు గీతలున్న దారి అంటే కొండబాట, మంచి బూట్లు కావాలి. తెలుపు–నీలం–తెలుపు కనిపిస్తే అనుభవం లేనివాళ్లు అటు అడుగు పెట్టకూడదు.

రోజంతా చెమటోడ్చాలనుకునే కుర్రవాళ్లకు మాత్రం ఈ నడక చాలదు.

చింక్వే తెర్రే

ఇటలీలో సముద్రం మీదికి వాలిన కొండల మీద ఐదు చిన్న ఊళ్లు. మొంతెరొస్సో, వెర్నాత్సా, కొర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె. ఊరికీ ఊరికీ మధ్య రైల్లో కొన్ని నిమిషాలే. సగంలో ఆపేసే ప్రశ్నకు దీని అంత మంచి జవాబు ఇంకెక్కడా లేదు. ఒక ముక్క నడిచి చాలనిపిస్తే స్టేషన్‌కు వెళ్లిపోవచ్చు.

అలాగని సముద్రం ఒడ్డున షికారు అనుకుని రాకండి. కొండ చరియలను మెట్లు మెట్లుగా చెక్కి, సున్నం లేకుండా రాళ్లు పేర్చి గోడలు కట్టి, ద్రాక్ష పండించిన రైతుల బాటలు ఇవి. మొంతెరొస్సో నుంచి వెర్నాత్సా ముక్క అందమైనదే, అలసట పెట్టేదీ అదే. మెట్లు ఎత్తు తక్కువ ఎక్కువలుగా ఉంటాయి, కొన్ని చోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒరిగి నిలబడాలి. చెప్పులతో, స్లిప్పర్లతో వెళ్తే జరిమానా వేస్తారు, ఆ నియమం సరైనదే. వెర్నాత్సా నుంచి కొర్నీలియా దాకా ఇంకో గంటన్నర, రెండు గంటలు. కొర్నీలియా ఊరు కొండ మీద ఉంది, స్టేషన్ కింద ఉంది, మధ్యలో మూడు వందల ఎనభై దాకా మెట్లు. చిన్న బస్సు కూడా తిరుగుతుంది కాబట్టి పెద్దవాళ్లను బస్సే ఎక్కించండి.

మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇక్కడ వేరే ముక్క ఉంది. రియోమజ్జోరె – మనరోలా మధ్య కిలోమీటరు లోపు ఉండే చదునైన ‘ప్రేమదారి’, వియా దెల్లమోరె. 2012లో రాళ్లు పడి కొందరు గాయపడ్డాక మూసేశారు, 2024లో మళ్లీ తెరిచారు. దీనికి ముందుగానే టైమ్ చూసుకుని టికెట్ తీసుకోవాలి.

వానలు పడేటప్పుడు ఈ బాటలు మూసేస్తారు. 2011 అక్టోబర్ వరదల్లో వెర్నాత్సా, మొంతెరొస్సో వీధులు బురదలో కూరుకుపోయాయి. అందుకే అక్టోబర్ చివర ఇక్కడికి రమ్మని నేనెవరికీ చెప్పను. వేసవిలో రద్దీ, ఎండ రెండూ కలుస్తాయి. మే నెల దొరికితే అదృష్టం.

శాకాహారులకు ఇంత సుఖమైన చోటు అరుదు. ఈ ప్రాంతంలో ఫరినాతా అని దొరుకుతుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో పొయ్యిలో కాల్చిన అట్టు. మా నాన్న రెండోసారి తెప్పించుకున్నారు.

త్రే చీమే

డొలొమైట్స్ పర్వతాల్లో పక్కపక్కనే నిలబడిన మూడు రాతి శిఖరాలు. మధ్యది 2,999 మీటర్లు. ఇటాలియన్‌లో త్రే చీమే, జర్మన్‌లో ద్రై జిన్నెన్. ఈ ప్రాంతంలో రెండు భాషలూ మాట్లాడతారు కాబట్టి బోర్డుల మీద ఒకే చోటుకు రెండు పేర్లు కనిపిస్తాయి, కంగారు పడొద్దు.

2,320 మీటర్ల దగ్గరున్న అవురోంజో విడిది దాకా టోల్ రోడ్డు ఉంది. అక్కడి నుంచి తూర్పుగా లవరేదో విడిది దాకా దాదాపు చదునైన వెడల్పాటి బాట, అరగంట. ఆ తర్వాత కనుమ ఎక్కితే, 2,454 మీటర్ల దగ్గర, మూడు శిఖరాల ఉత్తరపు గోడలు ఒక్కసారిగా ఎదురవుతాయి. ఫొటోల్లో మనం చూసేది ఆ వైపే. అక్కడి దాకా వెళ్లి తిరిగి వచ్చేసేవాళ్లు చాలామంది. చుట్టూ పూర్తిగా తిరగాలంటే లొకతెల్లి విడిది మీదుగా కిందికి దిగి, మళ్లీ ఎక్కి రావాలి. పడమటి సగంలో జనం తగ్గుతారు, ఆవుల మెడగంటలు వినిపిస్తాయి. ఓపిక ఉంటే ఆ సగం వదలకండి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు 1915 నుంచి 1917 దాకా ఈ శిఖరాల మధ్య ఎదురెదురుగా కూర్చుని పోరాడాయి. కందకాలు, రాతిలో తొలిచిన సొరంగాలు ఇప్పటికీ బాట పక్కన కనిపిస్తాయి. అంత ఎత్తున, శీతాకాలపు మంచులో మనుషులు రెండేళ్లు గడిపారంటే అక్కడ నిలబడి చూసేదాకా నేను నమ్మలేదు.

దీనిలో కష్టం కాళ్లకు కాదు, ప్లానింగ్‌కు. కారులో వెళ్లేవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, టోల్ కూడా తక్కువేం కాదు. కారు లేనివాళ్లకు డొబియాకో నుంచి వేసవిలో బస్సులున్నాయి, వాటికీ ముందే సీటు చూసుకోవడం మేలు. మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడడం ఇక్కడ మామూలే. ఉదయం ఎనిమిది లోపు నడక మొదలుపెట్టండి.

సెవెన్ సిస్టర్స్

యూకేలో చదువుకుంటున్న పిల్లలు షెంగెన్ వీసా కోసం నెలల తరబడి టెన్షన్ పడుతుంటారు. ఈ నడకకు ఆ గొడవే లేదు. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర, లూయిస్‌లో మారి సీఫర్డ్‌లో దిగి, తెల్లటి సుద్ద కొండల అంచు వెంట ఈస్ట్‌బోర్న్ దాకా నడిచి, అక్కడ మళ్లీ లండన్ రైలెక్కొచ్చు. రైలు ఖర్చుతోనే రోజు గడిచిపోతుంది.

22 కిలోమీటర్లు అందరికీ కాదు. గుట్టలు చిన్నవే గానీ వరసగా ఎక్కి దిగి, ఎక్కి దిగి, చివరి కొండ బీచీ హెడ్ చేరేసరికి పిక్కలు పట్టేస్తాయి. ఎక్సీట్ దగ్గర బస్సు దిగి బర్లింగ్ గ్యాప్ దాకా నడిస్తే అసలైన అందం అంతా అందులోనే వస్తుంది. అక్కడ కఫే, టాయిలెట్లు ఉన్నాయి. కుక్‌మియర్ నది సముద్రంలో కలిసేచోట దాటే ప్రయత్నం చేయొద్దు, ఎక్సీట్ వంతెన దాకా లోపలికి నడిచి రావాల్సిందే.

అంచుకు దూరంగా నడవండి. ఈ సుద్ద కొండ ఎప్పుడు ఎంత విరిగి పడుతుందో చెప్పలేం. దారిలో కనిపించే బెల్ టూట్ లైట్‌హౌస్‌ను, అంచు దగ్గరికి వచ్చేస్తోందని 1999లో కట్టడం మొత్తంగా 17 మీటర్లు వెనక్కి జరిపారు. గడ్డి పచ్చగా ఉంది కదా అని సెల్ఫీ కోసం అక్కడ నిలబడితే కింద మట్టి ఉందో లేదో మనకు కనపడదు.

ప్రైకెస్టూలెన్

వాట్సాప్‌లో తిరిగే ఆ ఫొటో ఇదే. లీసెఫ్యోర్డ్ అనే ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) నీటికి 604 మీటర్ల పైన బల్లపరుపు బండ. చుట్టూ రెయిలింగ్ లేదు. స్టవాంగర్ నుంచి సముద్రం అడుగున 14 కిలోమీటర్ల సొరంగం గుండా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు ఎక్కాలి. బాటలో చాలా రాతిమెట్లు నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు పేర్చినవి. అలిపిరి దారిన తేలిగ్గా ఎక్కేవాళ్లు ఇదీ ఎక్కగలరు, కాకపోతే ఇక్కడ పైకప్పు లేదు, మజ్జిగ అమ్మే కొట్టు లేదు, వాన ఏ క్షణమైనా రావచ్చు, తడిసిన బండ జారుతుంది.

ఎత్తు భయం ఉన్నవాళ్లు వెళ్లకూడదా? వెళ్లొచ్చు. మా ఆవిడ వచ్చింది. బండ మీదికి రాకుండా పైనున్న వెడల్పైన చోట కూర్చుని ఫ్యోర్డ్ మొత్తం చూసింది. చిన్నపిల్లలతో మాత్రం నేను వద్దంటాను. బండ మీద వాళ్లను క్షణం వదల్లేం. నార్వేవాళ్ల కొండ నియమాల్లో ఒకటి, వేళకు వెనక్కి తిరగండి, అందులో సిగ్గు లేదని. అంత దూరం వచ్చి, అంత డబ్బు పెట్టి, గాలివాన చూసి తిరగడం కష్టమే. అందుకే స్టవాంగర్‌లో ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

సమరియా లోయ

ఆరింట్లో నేను చాలా ఆలోచించి మాత్రమే సూచించేది ఇది. క్రీట్ దీవిలో ఓమలోస్ మైదానం నుంచి 1,200 మీటర్లకు పైగా దిగుతూ లిబియన్ సముద్రం ఒడ్డుకు చేరే 16 కిలోమీటర్ల దారి. కొండగోడలు ఒక చోట నాలుగు మీటర్ల దగ్గరికి వచ్చేస్తాయి. 1962లో జాతీయ పార్కు చేసినప్పుడు ఖాళీ చేయించిన ఊరి ఇళ్లు మధ్యలో ఉన్నాయి. చల్లటి ఊటనీళ్లు, క్రి–క్రి అనే అడవి మేకలు, చివర సముద్రంలో మునక. అందం విషయంలో ఏ లోటూ లేదు.

కానీ అంతా దిగుడే కాబట్టి తేలిక అనుకుని వచ్చేవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు. నా మోకాళ్లు ముప్పైల్లో ఉండగానే మూడు రోజులు మెట్లు దిగనివ్వలేదు. మధ్యలో రోడ్డు లేదు. చివరనున్న అయియా రుమేలి ఊరికి కూడా రోడ్డు లేదు, పడవెక్కి వేరే ఊరు చేరి, అక్కడి నుంచి బస్సులో క్రీట్‌లోని హానియా పట్టణానికి వెళ్లాలి. పడవ తప్పితే రాత్రి అక్కడే. మోకాళ్లు గట్టిగా ఉన్న స్నేహితుల గుంపు అయితే మేలో వెళ్లండి. అమ్మానాన్నలతో వద్దు.

రెండింటి మధ్య ఊగుతుంటే

స్విట్జర్లాండా, చింక్వే తెర్రేనా అని అడిగే కొత్త జంటలకు నేను నెల అడుగుతాను. ఏప్రిల్, మే అయితే ఇటలీ, ఎందుకంటే ఆల్ప్స్ బాటలు ఇంకా తెరవరు. జూలై, ఆగస్టు అయితే కొండలు. ప్రైకెస్టూలెనా, త్రే చీమేనా అంటే, కారు నడిపేవాళ్లుంటే త్రే చీమే. లేకపోతే బస్సు దిగి నేరుగా నడక మొదలుపెట్టగల ప్రైకెస్టూలెన్. కొండలే వద్దు, నీళ్లు కావాలి అంటే ఈ ఆరింటి బయట క్రొయేషియాలోని ప్లిట్‌విత్సె ఉంది. పదహారు సరస్సులు, వాటి మీదుగా చెక్కబాటలు, టికెట్‌లోనే పడవ. నీళ్లలోని సున్నం పేరుకుని కట్టిన ఆనకట్టలవి, మన బొర్రా గుహల్లో రాతి స్తంభాలు పెరిగినట్టే. 2023 నుంచి క్రొయేషియా కూడా షెంగెన్‌లోనే ఉంది.

ఇన్సూరెన్స్ విషయం ఒకటి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుల పాలసీ ఎలాగూ తీసుకుంటారు. అందులో కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దింపే ఖర్చు కూడా ఉందో లేదో చదవండి. స్విట్జర్లాండ్‌లో ఆ బిల్లు మనమే కట్టాలి. ఆపదలో ఈ దేశాలన్నింట్లో 112 పనిచేస్తుంది.

ఇక ఇంట్లో ఒకరికి మోకాళ్ల నొప్పి, ఇంకొకరికి రోజంతా నడవాలన్న ఉత్సాహం ఉంటే ఏం చేయాలన్నది. రెండు చోట్ల దారి ఉంది. త్రే చీమేలో పెద్దవాళ్లు లవరేదో విడిది దాకా చదును బాటలో వెళ్లి కూర్చుంటారు, మిగతావాళ్లు చుట్టూ తిరిగి అవురోంజో దగ్గర కలుస్తారు. స్విట్జర్లాండ్‌లో ఇంకా బాగా కుదురుతుంది. క్లైన షైడెగ్ దాకా అందరూ కలిసి నడవండి. అక్కడి నుంచి కుర్రవాళ్లు ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కు వెళ్లి, ఐగర్ గోడ అడుగున సాగే ఐగర్ ట్రెయిల్ మీద అల్పిగ్లెన్ దాకా దిగొచ్చు. రెండు గంటల పైన పడుతుంది. పెద్దవాళ్లు టీ తాగి గ్రిండెల్‌వాల్డ్ వైపు రైలెక్కితే, అదే రైలు అల్పిగ్లెన్‌లో ఆగుతుంది. మేం అలాగే చేశాం. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మ ప్లాట్‌ఫామ్ మీద మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. డబ్బాలో పులిహోర మా కోసం అట్టే పెట్టింది.